అతికించిన నెంబరు

బుధవారం పొద్దున పదకొండింటికి హరినాథ్ తన గదిలోంచి లేచి ఉష బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. సారు మనిషిని గదికి పిలిపిస్తే అది మామూలు పని. తనే నడిచి వచ్చాడంటే అది ఎవరూ చెయ్యకూడని పని.

“ఏం చేస్తా ఉండావు ఉషా?” అంటూ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“బోగోలు పెట్టె రాసుకున్న లాగ్ చూస్తా ఉండా సార్.”

నెల్లూరులో ఒక మందుల షాపు పైన, రెండో అంతస్తులో, పదకొండు మంది పనిచేసే ఆఫీసు అది. రొయ్యల గుంటల గట్ల మీద బిగించే పెట్టెలు, వాటిలో నడిచే సాఫ్ట్‌వేరు తయారు చేస్తారు. నీళ్లలో దించిన సెన్సరు ఆక్సిజన్ ఎంతుందో చదువుతుంది. తగ్గితే నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతాయి. కరెంటు లేక అవి తిరగకపోతే రైతు ఫోను మోగుతుంది, రైతు పరిగెత్తుకొచ్చి జనరేటర్ వేసుకుంటాడు. చదివేది ఒక మాడ్యూల్, ఏరేటర్లు తిప్పేది ఇంకొకటి, ఫోన్ చేసేది మరొకటి. అలా మొత్తం ఏడు. అన్నిటికీ అడుగున ఉండేదాన్ని కోర్ అంటారు. కోర్ మారిందంటే మిగతా ఆరింటినీ దాని మీద మళ్లీ కట్టాలి, ఒక్కొక్కటీ పరీక్ష నెగ్గాలి. అప్పుడే ఏడింటికీ ఒకే వర్షన్ నెంబరు వేసి బయటికి పంపాలి. ఆ నెంబరు వేసే చెయ్యి ఉషది.

గోడకి తెల్ల బోర్డు ఉంది. ఏడు వరసలు. మాడ్యూల్ పరీక్ష నెగ్గగానే ఆమె లేచి వెళ్లి ఆకుపచ్చ మార్కరుతో నెంబరు రాస్తుంది. రెండు నెలల క్రితం రాసిన 4.0లు ఇంకా అలాగే ఉన్నాయి. ఐదో వరసలోది మాత్రం కాస్త పక్కకి వాలి ఉంది. అది ఫోన్ చేసే మాడ్యూల్.

“ఏముంది దాన్లో?” అన్నాడు హరినాథ్.

ఆమె తెర అతని వైపు తిప్పింది. “పన్నెండో తేదీ, పొద్దున ఐదూ పది. చెంచులక్ష్మక్క గుంటలో ఆక్సిజన్ రెండు పాయింట్ తొమ్మిదికి పడింది. కరెంటు లేదు. ఫోను మోగాల. మోగలా.”

“ఎందుకని?”

“కొత్త కోర్ రెండు పాయింట్ తొమ్మిదిని రెండు వందల తొంభై అని పంపిస్తది. పాతదైతే ఇరవై తొమ్మిది అని పంపేది. మన ఫోన్ మాడ్యూల్ పాత కోర్ మీద కట్టింది. వచ్చిన రెండు వందల తొంభైని పదితో భాగించి, ఇరవై తొమ్మిది ఉంది, ఇబ్బంది లేదు అనుకునింది.” ఉష తెర మీద ఆ అంకె దగ్గర వేలు పెట్టింది. “ఇరవై తొమ్మిది ఆక్సిజన్ ఉంటే రొయ్యలు గాల్లో ఎగరాల సార్.”

వెనక బల్ల దగ్గర వినోద్ చెవిలోంచి ఒక ఇయర్‌ఫోను తీశాడు. ఫోన్ మాడ్యూల్ రాసినవాడు అతనే.

“నాకు తెలుసు,” అన్నాడు హరినాథ్ నెమ్మదిగా. “నిన్న వినోద్ చెప్పినాడు. శుక్రవారం బోగోలు రైతుల సంఘం మీటింగు. పెట్టెను అందరి ముందర పరీక్ష చెయ్యమంటా ఉండారు. నువ్వు ఫోన్ మాడ్యూల్ని కొత్త కోర్ మీద కట్టు. అదే 4.0 నెంబరుతో పాతదాని మీద ఎక్కించెయ్. మీటింగుకి ముందే వినోద్ పోయి, బ్యాటరీ మారుస్తానని చెప్పి పెట్టెలోకి దించుకుంటాడు. ఫోను మోగుతుంది, అందరూ చూస్తారు, అయిపోతుంది.”

“అంటే 4.0 మొదటి నించీ బాగానే ఉన్నట్టు.”

“ఉన్నట్టే.”

“చెంచులక్ష్మక్క ఫోనే స్విచాఫ్ అయినట్టు.”

‘రైతు ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నది’ అన్న ముక్క హరినాథ్ సోమవారమే రిపోర్టులో రాసి సంఘానికి పంపాడు.

“గుంటలు సంఘానివి. వాళ్ల రూలు తెలుసు గదా సార్,” అంది ఉష. “మనిషి నిర్లక్ష్యంతో గుంట చస్తే, ఆ గుంట ఇంకొకరికి ఇచ్చేస్తారు. శుక్రవారం తేల్చేది అదే.”

“వాళ్ల రూలు వాళ్లిష్టం. పదకొండు మందిమి ఈ పెట్టె మీద బతుకుతా ఉండాం ఉషా. మూడొందల పెట్టెలకి ఆర్డరు రాబోతా ఉంది. నిన్ను ఒక్క లైను అడిగితే...”

“ఆ దినం కూడా ఒక్క లైనే అడిగినారు.”

రెండు నెలల క్రితం ఆ దినం ఆరు మాడ్యూళ్లు పరీక్ష నెగ్గాయి, ఐదోది నెగ్గలేదు. కొనేవాళ్లు కింద కారు దిగుతున్నారు. నెంబరు మార్చి పెట్టు, లోపలి సంగతి తర్వాత చూద్దాం అన్నాడు హరినాథ్. 3.6 అని ఉన్నచోట 4.0 అని ఉష టైపు చేసింది. లేచి వెళ్లి బోర్డు మీద కూడా రాసింది. తర్వాత అన్న రోజు రాలేదు.

“చెయ్యను సార్,” అంది ఇప్పుడు. “బయటికి పోయిన నెంబరు పోయినట్టే. దాని లోపలి సరుకు మార్చకూడదు. తప్పుంటే తప్పుతోనే ఉండాల. సరిచేసిందానికి 4.0.1 అని వేరే నెంబరు పడాల. నేను చేరిన కొత్తల్లో రాసిచ్చిన మొదటి రూలు అదే. మీరు సంతకం కూడా పెట్టినారు.”

ఆ కాగితం బోర్డు పక్కనే అతికించి ఉంది. పెట్టెలు సాఫ్ట్‌వేరు దించుకునే సర్వరుదీ అదే రూలు. ఒకసారి ఎక్కిన నెంబరు మీద ఇంకోదాన్ని ఎక్కించనివ్వదు. ఎక్కించాలంటే పాస్‌వర్డు ఉష దగ్గరే ఉంది.

“పాస్‌వర్డు వినోద్‌కియ్యి.”

“ఇయ్యను.”

హరినాథ్ లేచి, కుర్చీని ఎక్కడినుంచి లాక్కున్నాడో అక్కడే పెట్టాడు. “సరే. సర్వరుతో పన్లేదు. వినోద్ పెన్ డ్రైవ్‌లో తీసకపోతాడు. నువ్వు శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ అప్పజెప్పి ఎళ్లిపో.”

“శుక్రవారం సాయంత్రం దాకా బయటికి పంపే రిలీజులు నావే గదా సార్?”

ఆ ప్రశ్న ఎందుకడిగిందో అర్థంకాక అతను గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

మధ్యాహ్నం వినోద్ టీ కప్పు పట్టుకుని వచ్చి ఆమె బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. “ఫోన్ మాడ్యూల్ కోడు సరిచేసినా ఉషక్కా. అందరి కోడు ఉండే చోటే పెట్టినా. సారు పెన్ డ్రైవ్‌లో పెట్టమన్నాడే గాని, ఆడ పెట్టొద్దనలా.”

“నువ్వు పెన్ డ్రైవ్ తీసకపోతావా?”

“ఇంటి లోన్ ఉందక్కా నాకు,” అని చెప్పి కప్పులోకి చూస్తూ వెళ్లిపోయాడు.

ఉష ఏడు మాడ్యూళ్లూ మొదటి నుంచి కట్టింది. ఒక్కొక్కటీ నెగ్గుతుంటే ఒక్కోసారి లేచి వెళ్లి, 4.0 కింద 4.0.1 అని రాసింది. ఐదోది నెగ్గడానికి సాయంత్రం నాలుగున్నర అయింది. ఈసారి అంకెలు నిటారుగా వచ్చాయి. వర్షన్‌తో పాటు పెట్టె తెర మీద కనిపించే రిలీజ్ నోటు కూడా రాసింది. నాలుగు వాక్యాలు. రాసినవి ఒకసారి చదువుకుని, ఒక్క మాటయినా మార్చకుండా సర్వరు మీద పెట్టేసింది. గట్టు మీద మనిషి మీట నొక్కితే తప్ప పెట్టెలోకి అది దిగదు.

గురువారం ఉష కావలి బస్సెక్కి బోగోలు దగ్గర దిగి, సముద్రం దిక్కుకి పోయే షేర్ ఆటోలో కూర్చుంది. సరుగుడు తోపులు దాటాక గుంటలు మొదలయ్యాయి. చెంచులక్ష్మి గుంట ఏదో ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. చుట్టూ అన్నిట్లో ఏరేటర్లు నురగ చిమ్ముతూ తిరుగుతుంటే అదొక్కటే కదలకుండా పడి ఉంది. నీళ్లు నల్లబడ్డాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా వాసన ముక్కు పగలగొడుతోంది.

చెంచులక్ష్మి గట్టు మీద గొంతుక్కూర్చుని, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే వల విప్పి కుట్టుకుంటోంది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. మెడలో వలతాడు, తాడుకి ప్లాస్టిక్ కవరు, కవర్లో బటన్ల ఫోను.

“కంపెనీ పాపవు గదా,” అంది తలెత్తకుండానే. “ఇంకేం రాసుకోను వచ్చినావు? నా చీర రంగు రాసుకోలేదా మీవోళ్లు?”

“నేను చేసింది చెప్పడానికి వచ్చినా అక్కా.”

“చెప్పు. సూది పాటికి సూది, చెవి పాటికి చెవి.”

ఉష చెప్పులు విడిచి గట్టు మీదే కూర్చుంది. బస్సులో వస్తూ చాలా వాక్యాలు అనుకుంది. వాటిలో ఒక్కటీ పనికిరాలేదు. “పెట్టె లోపల ఫోను చేసే ముక్క పాతది. దాని మీద కొత్త నెంబరు అతికించింది నేను. అందుకే నీకు ఫోను రాలా. నీ ఫోను బాగానే ఉంది.”

సూది ఆగింది.

“నీ చేత్తోనే అతికించినావా?”

“నా చేత్తోనే.”

“పాతదని తెలిసే?”

“తెలిసే. ఇట్టా అవుతాదని తెలీదు.”

చెంచులక్ష్మి మెడలోని ఫోను అరచేతిలోకి తీసుకుంది. కవరు మీది ఉప్పు మరకని బొటనవేలితో తుడిచింది, పోలేదు. “ఊరంతా నన్ను నిద్రమొగందని అంటా ఉంది. తెల్లారి వచ్చి చూస్తే గట్టెమ్మడి తెల్లగా పడుండాయి రొయ్యలు. నాలుగు దినాల్లో పట్టుబడి చేసి అమ్మాలని పెట్టుకోనుండిన సరుకు. ఎవురో అన్నారని నేనే నా ఫోన్ని అనుమానించినా పాపా. కావలి తీసకపోయి షాపోడికి చూపించినా. బాగుందమ్మా అన్నాడు. వాడి మాట నమ్మలా. మీ కాయితం నమ్మినా.”

దూరంగా ఎవరి గుంటలోనో ఏరేటరు ఒకటి లయ తప్పి టకటకమంటోంది.

“ఈ మాట నా చెవిలో ఏసి నీ బరువు దించుకునిపోతే నాకేం ఒరిగింది?” అంది చెంచులక్ష్మి. “రేపు సంఘం పెద్ద కామాక్షయ్య మామ ముందర చెప్తావా? నలభై గుంటలోళ్ల ముందర?”

“చెప్తా.”

“నీ ఉద్యోగం?”

“రేపు సాయంత్రంతో సరి.”

“అయితే ఇద్దరం ఒకటే. నా గుంటా రేపటితోనే.” ఆమె నవ్వలేదు. “సరే, కూచున్నావు గదా, ఇప్పుడే దాన్ని బాగు చేసెయ్.”

“చెయ్యకూడదక్కా. చేస్తే పెట్టెలో పాతది ఉన్నట్టు రేపు ఎవరికీ చూపించలేం. పొద్దున మా ఆఫీసు నించి వినోద్ అనే అబ్బాయి వస్తాడు. బ్యాటరీ మార్చాలంటాడు. ముట్టనీయబాక.”

చెంచులక్ష్మి లేచి మేత కొట్టంలోకి పోయింది. బయటికి వచ్చినప్పుడు చేతిలో కొట్టం తాళం, భుజాన వలతాడు చుట్ట ఉన్నాయి.

శుక్రవారం తొమ్మిదింటికి ఉష గట్టెక్కేసరికి వినోద్ మేత డ్రమ్ము బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో స్టీలు గ్లాసు. పక్కనే స్తంభానికి పెట్టె. పెట్టె చుట్టూ పది చుట్లు వలతాడు, ప్రతి చుట్టుకీ పడవ కట్టే ముడి, అన్నిటి మీదా తాళం. దానికి వీపు ఆనించి చెంచులక్ష్మి కూర్చుని ఉంది.

కాసేపటికి హరినాథ్ కారు వచ్చింది. సంఘం పెద్ద కామాక్షయ్య, ఇంకో పాతిక మంది రైతులు గట్టు వెంబడి నడిచి వచ్చారు. కామాక్షయ్య ముసలివాడే గాని గట్టు మీద అందరికన్నా ముందు నడుస్తున్నాడు.

“సర్వీసు అయిందా?” అన్నాడు హరినాథ్.

“లేదు సార్,” అన్నాడు వినోద్ లేచి నిలబడి. “అక్క టీ ఇచ్చింది. తాళం చెవి ఇయ్యలా.”

ఎవరో కిసుక్కుమన్నారు. హరినాథ్ కామాక్షయ్య వైపు తిరిగాడు. “ఇన్ని దినాలు వాడకుండా ఉంటే బ్యాటరీ వీకవుతాది పెద్దాయనా. ఐదు నిమిషాలు మావాడు సర్వీసు చేస్తాడు. ఆ తర్వాత మీరు ఎట్టా కావాలంటే అట్టా పరీక్ష చేసుకోండి.”

అడిగిన తీరులో తప్పేమీ కనిపించలేదు. కామాక్షయ్య తలాడించాడు. “చెవి ఇయ్యి మే. దాపరికం లేనప్పుడు ఈ తాళాలెందుకు?”

చెంచులక్ష్మి కదల్లేదు. ఆమె కళ్లు జనం వెనక ఉన్న ఉష మీద ఉన్నాయి. ఇప్పుడు చెప్తావా, పోతావా అన్నట్టున్నాయి.

“ఇయ్యొద్దక్కా,” అంది ఉష ముందుకొచ్చి. గొంతు అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది. “అది సర్వీసు కాదు పెద్దాయనా. పెట్టెలో ఉన్న తప్పుని తీసేసి, ఒప్పుని పెట్టి, అదే నెంబరు ఉంచుతారు. అప్పుడు ఫోను మోగుతాది. తప్పు అక్కదే అవుతాది.”

“ఈ అమ్మాయి మాటలు పట్టించుకోబాకండి,” అన్నాడు హరినాథ్. “పనిలోంచి తీసేసినాం.”

“సాయంత్రం దాకా ఉండా సార్. మీరే చెప్పినారు.”

కామాక్షయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇద్దరినీ వదిలేసి వినోద్ ముందుకెళ్లి నిలబడ్డాడు. “ఏం అబ్బయా. బ్యాటరీ తెచ్చినావా?”

వినోద్ గ్లాసు డ్రమ్ము మీద పెట్టాడు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి పెన్ డ్రైవ్ తీసి గ్లాసు పక్కన పెట్టాడు. సారు వైపు చూడలేదు. “బ్యాటరీ తేలా పెదనాయనా. ఇది తెచ్చినా.”

కామాక్షయ్య దాన్ని ముట్టుకోలేదు. “అయితే ముందు ఉన్నది ఉన్నట్టే చూద్దాం. ఏరేటర్లకి కరెంటు తీసేసి సెన్సరు దించు మే.”

చెంచులక్ష్మి ముళ్లు విప్పడానికి కాసేపు పట్టింది. చుట్టచుట్టి పక్కన పెట్టిన సెన్సరు వైరుని సాపు చేసి, ఆ నల్లటి నీళ్లలోకే దించింది. పెట్టె తెర మీద అంకెలు పడిపోవడం మొదలుపెట్టాయి. ఆరు. నాలుగున్నర. మూడు పాయింట్ రెండు. రెండు పాయింట్ ఆరు దగ్గర నిలిచాయి.

“ఎంతకి మోగాల?” అన్నాడు కామాక్షయ్య.

“మూడున్నరకి,” అంది ఉష.

కామాక్షయ్య చెంచులక్ష్మి మెడలోని ఫోను అందుకుని చూసి, పక్కవాళ్లకీ చూపించాడు. వెలుగుతోంది. సిగ్నలు నాలుగు గీతలుంది. బ్యాటరీ నిండుగా ఉంది. దాన్ని వదిలేసి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పాతిక మందీ ఆ కవరు వంకే చూస్తున్నారు. ఒక నిమిషం. రెండు. కొంగ ఒకటి గుంట అంచున వాలి, ఏమీ దొరక్క లేచిపోయింది. ఐదు నిమిషాలు గడిచాయి. ఫోను మోగలేదు.

“నా పెట్టెలో ఏ నెంబరుండాది?” అని వెనకనుంచి ఒక రైతు మెల్లగా అడిగాడు. ఇంకో ఇద్దరు తమ గుంటల వైపు తిరిగి చూసుకున్నారు.

హరినాథ్ ఉష పక్కకొచ్చి నిలబడ్డాడు. “లాప్‌టాప్ ఇప్పుడే ఇచ్చెయ్,” అన్నాడు తగ్గు స్వరంతో.

“ఇస్తా సార్. ఇంకో ముప్పై తొమ్మిది పెట్టెలుండాయి. అవి కానీండి.”

ఆమె పెట్టె దగ్గరికి వెళ్లి మీట నొక్కింది. తెర నల్లబడి, మళ్లీ వెలిగింది. 4.0.1 అని పడింది. దాని కింద నాలుగు వాక్యాలు. కామాక్షయ్య కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

“‘4.0లో ఫోన్ చేసే భాగం పాతది. దాని మీద కొత్త నెంబరు వేసింది నేను. చెంచులక్ష్మి గారి గుంట పోయింది అందువల్లే గాని ఆమె ఫోను వల్ల కాదు. 4.0.1లో సరిచేశాను. ఉష.’”

ఆయన తలెత్తి ఉషను పైనుంచి కిందికి చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు లేదు. “ఇది మా నలభై పెట్టెల మీదా పడతాదా?”

“మీట నొక్కిన ప్రతి పెట్టె మీదా పడతాది.”

“చెరపాలంటే?”

“చెరపలేరు. బయటికి పోయింది.”

హరినాథ్ నోరు తెరిచాడు. అప్పుడే చెంచులక్ష్మి మెడలో ఫోను మోగింది.

చిన్న బటన్ల ఫోనే గాని గట్టిగా మోగుతుంది. గట్టెమ్మడి నాలుగు గుంటల దాకా వినబడింది. ఏరేటర్ల దగ్గర పనిచేస్తున్నవాళ్లు కూడా తల తిప్పి చూశారు. చెంచులక్ష్మి దాన్ని ఎత్తలేదు, ఆపలేదు. కవరుతో సహా తీసి, అందరికీ కనబడేలా చెయ్యెత్తి పట్టుకుంది. మోగి మోగి ఆగింది. ఆక్సిజన్ ఇంకా రెండు పాయింట్ ఆరే. మళ్లీ మోగింది.

“వినబడింది గదమ్మా,” అన్నాడు హరినాథ్. “ఇంక కట్ చెయ్యి.”

“స్విచాఫ్ అయిన ఫోను గదా సారూ,” అంది చెంచులక్ష్మి చెయ్యి దించకుండానే. “మోగనీ.”